ఎనిమిది నానోమీటర్ల పగ

మార్చి 4

అత్తయ్యా,

కాయితం మీద రాశానని కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. ల్యాబు మెయిళ్ళన్నీ సారు చూస్తాడు. ఫోనులో అయితే నేను ఏడుస్తాను, నువ్వు అరుస్తావు, అసలు సంగతి అలాగే ఉండిపోతుంది. నాన్నకి మాత్రం చెప్పకు. ఆయన చెవిన పడితే సాయంత్రానికల్లా మా మెట్ల దగ్గర కుర్చీ వేసుక్కూర్చునే కాపలామనిషి కూడా నాకు సలహా చెబుతాడు.

సంగతేమిటంటే, నా డిజైన్‌ని మా చిరునవ్వు సారు మింగేశాడు.

నేను ఇన్నేళ్ళుగా ఏం గీస్తున్నానో నీకు తెలుసు. అయినా మళ్ళీ చెబుతాను, చెప్పుకుంటే నాకే కాస్త ఊరట. పలచటి సిలికాన్ రేకులో వరసలు వరసలుగా చిల్లులు. వాటి సైజూ, మధ్య దూరమూ సరిగ్గా కుదిరితే ఒక రంగు వెలుగు అందులోంచి పోలేదు. ఒక్క వరస చిల్లులు పెట్టకుండా వదిలేస్తే అదే దానికి సందు. ఆ సందులో వెలుగు ముందుకి పోతూ, వెనక్కి వస్తూ, మళ్ళీ పోతూ, కాళ్ళీడ్చుకుంటూ నడుస్తుంది. సందు చివర చిన్న గది కట్టాను. అక్కడ వెలుగు నిలబడాలి. గోడ ఒక్కసారిగా అడ్డం పెడితే పైకి కారిపోతుంది. గది చివరి చిల్లుల్ని రవ్వంత బయటికి జరిపి మెల్లగా ఆపితే నిలుస్తుంది. ఏ చిల్లు ఎంత జరగాలో లెక్క కట్టేసరికి నా కళ్ళు పోయాయి.

నిన్న ఆయన సభకి పంపిన పత్రం చూశాను. పైన ఆయన పేరు ఒక్కటే. నా పేరు ఎక్కడా లేదు, కింద చిన్న అక్షరాల్లో కూడా. అడిగితే అదే నవ్వు. "నువ్వు గీశావమ్మా, కాదన్నానా? ఆలోచన నాది కదా. చిన్నపిల్లవి, నీకు ముందు బోలెడు జీవితం ఉంది" అన్నాడు. జూన్‌లో జరిగే పెద్ద సభలో ఆ చిప్పు చూపించి, కొత్తగా పెడుతున్న సంస్థకి డైరెక్టర్ అయి కూర్చోవాలని ఆయన ఎత్తు.

ఇక నీతో పని. ఆ చిప్పు చెక్కేది మీ ఫ్యాక్టరీలో, నీ యంత్రం మీద. ఒక్కో చిల్లు వ్యాసార్థం ఎనిమిది నానోమీటర్లు ఎక్కువ చెక్కు. వెంట్రుక మందాన్ని పదివేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. కంటికి ఆనదు. కానీ ఆయన లేజర్ రంగుకి ఆ సందు పనికిరాకుండా పోతుంది. నిండు సభలో మీట నొక్కి, ఏమీ రాక, అదే నవ్వుతో నిలబడాలి ఆయన. అది చూస్తే నా కడుపు చల్లబడుతుంది.

నీ మిరపకాయ

•

మార్చి 11

మిరపకాయకి,

నీ ఉత్తరం క్యాంటీన్‌లో ఒకసారి, బస్సులో ఒకసారి చదివి, ఇంటికొచ్చి చించేశాను. నా మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నువ్వు అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను. మా లిఫ్టు మళ్ళీ చెడిపోయింది, నాలుగు అంతస్తులూ ఎక్కి దిగుతున్నాను.

చెయ్యను. నువ్వు గౌన్లేసుకుని తిరిగేటప్పటి నుంచీ ఆ యంత్రం నడుపుతున్నాను. చిల్లులు తొలిచే వాయువు ఎంత వదలాలో, ఎన్ని సెకన్లు ఉంచాలో దానికన్నా నాకే బాగా తెలుసు. నా చేతులతో తెలిసి ఒక్క చెడ్డ ముక్క బయటికి పంపలేదు. తమ్ముడి కూతురు అలిగిందని ఇప్పుడు మొదలుపెట్టమంటావా? నీ పేరు నీకు కావాలంటే పైవాళ్ళ దగ్గరికి వెళ్ళి గట్టిగా అడుగు. నోరు లేనిదానివేం కాదు.

ఆ మనిషిని నేనూ ఎరుగుదును. విద్యార్థిగా ఉన్నప్పుడు మా ఫ్యాక్టరీకి వచ్చేవాడు. అదంతా ఇప్పుడెందుకులే.

కళ్ళు పోయాయని రాశావు. డాక్టరుకి చూపించావా లేదా?

అత్తయ్య

•

మార్చి 17

అత్తయ్యా,

సరే. నిన్ను అడగడం నాదే పొరపాటు. పైవాళ్ళ దగ్గరికీ వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి నా మాట సగం విని, "సారు చాలా మంచాయన కదమ్మా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటారు" అని టీ తెప్పించాడు. టీ తాగి వచ్చేశాను.

డిజైన్ ఫైలు సారు చేతికి ఇచ్చేశాను. నవ్వుతూనే ఇచ్చాను, ఆయన దగ్గర నేర్చుకున్న నవ్వే. ఇక ఆ గొడవ వదిలెయ్. నేనూ వదిలేశాను. నీ యంత్రం, నీ మంచి పేరు, రెండూ చల్లగా ఉండాలి.

కళ్ళకేం కాలేదు, మాటవరసకి అన్నాను. నీకు అన్నీ విడమరిచి చెప్పాలి.

మేనకోడలు

•

ఏప్రిల్ 5

మిరపకాయకి,

మీ నాన్న ఫోను చేశాడు. సారు నీకు కిటికీ పక్కన కొత్త బల్ల ఇచ్చాడట, నువ్వు హాయిగా ఉన్నావట. సంతోషం. నువ్వు చల్లబడ్డావు కానీ నేను చల్లబడలేదు. ఏం జరిగిందో చెబుతాను, పూర్తిగా విను.

పోయిన వారం ఆ మనిషి స్వయంగా వచ్చాడు, చిప్పు చెక్కించుకోవడానికి. క్లీన్‌రూమ్‌లో అందరం తెల్ల సూట్లలో ఉంటాం కదా, కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. అయినా నాకు ఆ కళ్ళు తెలిశాయి. ఆయనకి నావి తెలియలేదు. "ఏమ్మా, కొత్తగా చేరావా? జాగ్రత్త, ఇది మామూలు పని కాదు" అన్నాడు నాతో.

కొత్తగా! ఆ సూటు వేసుకోవడం ఆయనకి నేర్పింది నేను. టోపీ ముందా, బూట్లు ముందా అని తికమకపడేవాడు. ఆయన డిగ్రీ కోసం చెక్కిన ముక్కలు వరసపెట్టి పగిలిపోతుంటే, నా భోజనం వేళలన్నీ మానుకుని కూర్చుని ఆయనకి ఒక మంచి ముక్క తీసిచ్చాను. తర్వాత ఆ డిగ్రీకి రాసిన పుస్తకం ఒకటి మా ఆఫీసుకి పంపాడు. చివర కృతజ్ఞతల పేజీ తెరిచాను. అమ్మకీ నాన్నకీ, స్నేహితులకీ, ఇంకా మా యంత్రానికి. దాని కంపెనీ పేరు, మోడల్ నంబరుతో సహా రాశాడు. నా పేరు లేదు. యంత్రం దానంతటదే నడిచిందనుకున్నాడు కాబోలు. ఆ రోజు ఇంటికొచ్చి మీ తాతయ్య దగ్గర కూర్చుని ఏడ్చాను. ఇంకెవరికీ చెప్పలేదు.

అదంతా ఎప్పుడో పోయిందనుకున్నాను. "కొత్తగా చేరావా" అనేసరికి ఒక్కసారిగా తిరిగొచ్చింది. ఒళ్ళు మండిపోయింది మిరపా. ఆయన గాజు కిటికీ అవతల నిలబడి చూస్తూనే ఉన్నాడు. నేను ఆయన ఎదుటే, ఆయన చూస్తుండగానే, కొన్ని సెకన్లు ఎక్కువ ఉంచాను. నువ్వు చెప్పిన ఎనిమిది నానోమీటర్లే. ఒకటి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ముక్క తీసుకుని "థ్యాంక్స్ అమ్మా" అని వెళ్ళిపోయాడు. ఈసారి చెప్పాడు చూడు, థ్యాంక్స్.

అత్తయ్య

•

ఏప్రిల్ 8

అత్తయ్యా,

నీకు దండం పెడతాను, ఇక నాకు రాయకు.

నిన్న చిప్పు పరీక్షించారు. వెలుగు వచ్చింది, సందులో నెమ్మదించింది, గదిలో నిలబడింది. నేను లెక్క కట్టినంతసేపూ నిలబడింది, ఇంకా కాస్త ఎక్కువే. ల్యాబు ల్యాబంతా చప్పట్లు. సారు కేకు కోసి మొదటి ముక్క తనే తిన్నాడు. నా కాగితపు పళ్ళెంలో కూడా ఒకటి పెట్టి, "చూశావా, నా ఆలోచన" అన్నాడు.

అది పనిచెయ్యడానికి వీల్లేదు. ఎందుకంటే, నువ్వు కాదన్నాక ఆ పని నేనే చేశాను. ఫైలులో ప్రతి చిల్లూ ఎనిమిది నానోమీటర్లు తగ్గించి ఇచ్చాను. ఎవరైనా పట్టుకుంటే, చెక్కేటప్పుడు చిల్లు కాస్త పెరుగుతుంది కాబట్టి ముందే తగ్గించానని చెప్పొచ్చు. అందుకే వదిలేశానని నీకు రాశాను. నీకు చెబితే అడ్డుపడతావని భయం.

ఆ ఫైలుతో చెక్కిన ముక్క చచ్చి ఊరుకోవాలి. బతికిందంటే ఒక్కటే కారణం. నువ్వు చిల్లులు చూశావు, చిన్నవిగా ఉన్నాయనుకున్నావు, నీ మంచి పేరు కోసం సరిదిద్దావు. సొంత మేనత్త! పరాయివాళ్ళు చేస్తే ఇంత మండదు. ఆయన దొంగిలించాడు, నువ్వు దానికి మెరుగు పెట్టి చేతికిచ్చావు.

కొత్త బల్ల అని నాన్న ఊరంతా చెబుతున్నాడట. అది ప్రింటరు పక్కన బల్ల. నన్ను అక్కడికి గెంటేశారు. కిటికీ ఉన్నమాట నిజమే, తెరుచుకోదు.

రాయకు.

•

ఏప్రిల్ 15

మిరపకాయకి,

రాయకు అన్నావు, రాస్తున్నాను. నా ఉత్తరమూ నీ ఉత్తరమూ దారిలో ఎక్కడో ఎదురుపడి ఉంటాయి. ఇప్పటికి నాది చదివే ఉంటావు.

అర్థమైందా? నువ్వు ఎనిమిది తగ్గించావు. నేను ఎనిమిది పెంచాను. నీది చదివి స్టవ్ మీద పాలు పొంగిపోతున్నా కట్టెయ్యడం మరిచిపోయి నిలబడ్డాను. ఇద్దరం పళ్ళు నూరుకుంటూ, ఒకరికి తెలియకుండా ఒకరం, ఆ మనిషికి లోకంలోకెల్లా మంచి చిప్పు చేసిపెట్టాం. కిరాయికి పెట్టుకున్నా మనంత శ్రద్ధగా ఎవరూ చెయ్యరు.

ముందు నిన్ను తిడతాను. "వదిలేశాను" అని అబద్ధం ఎందుకు రాశావు? ఆ ఒక్క ముక్క నిజం రాసి ఉంటే నేను చెయ్యి కదపకుండా ఊరుకునేదాన్ని, ముక్క దానంతటదే చచ్చేది. నువ్వు నన్ను నమ్మలేదు. సరే, నేనూ నీకు చెప్పకుండానే చేశాను. అందుకని సగమే తిడుతున్నాను.

ఇప్పుడు చల్లగా ఆలోచించు. ఆయన దగ్గర పనిచేసే ముక్క ఒక్కటే ఉంది. ఫైలు తప్పు. ఆ సంగతి ఆయనకి తెలియదు. సభవాళ్ళు ఒక్క ముక్క చూసి నమ్మరు కదా, ఇంకోటి చేసి చూపించమంటారు కదా? మళ్ళీ నా దగ్గరికే వస్తాడు. ఈసారి ఆయన ఫైలు ఎలా చెబితే అలా చెక్కుతాను. ఒక్క సెకను తేడా రానివ్వను. ఇంత నిజాయితీగా ఎప్పుడూ పనిచేసి ఉండను.

అత్తయ్య

•

మే 20

అత్తయ్యా,

నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని నవ్వలేక చచ్చాను, తర్వాత ఏడ్చాను. నిన్ను అన్న మాటలకి నా నాలుక కోసెయ్యి. తాతయ్య దగ్గర కూర్చుని ఏడ్చానని రాశావు చూడు, ఆ వాక్యం మళ్ళీ మళ్ళీ చదివాను.

నువ్వు అన్నట్టే జరిగింది. రెండోసారి మీ దగ్గర చెక్కించిన అరడజను ముక్కలూ చచ్చిపోయాయి. సారు మీ ఫ్యాక్టరీ మీద విరుచుకుపడ్డాడు. మీవాళ్ళు మైక్రోస్కోప్ కింద కొలిచి, చిల్లులు ఫైలులో ఉన్నట్టే ఉన్నాయని కాయితం పంపారు. దాంతో నోరు పడిపోయింది. ఇంకో ఫ్యాక్టరీలో చేయించాడు, అవీ అంతే. మొదటి చిప్పుని తీసి కొలుద్దామంటే దాన్ని గాజు తీగలకి అంటించి డబ్బాలో మూసేశారు, విప్పితే పగులుతుంది. మూసేముందు తీసిన ఫోటో ఒకటుంది. సారు ఫోటోలు చూస్తాడు, కొలవడు. రెండోవి ఫైలు ప్రకారం ఉన్నాయి కాబట్టి మొదటిదీ అలాగే ఉంటుందని ఆయన లెక్క.

నిన్న ప్రింటరు దగ్గరికి వచ్చాడు. నవ్వు లేదు అత్తయ్యా! ఆ మొహం నవ్వు లేకుండా నేను మొదటిసారి చూశాను, ఎవరో కొత్తమనిషిలా ఉన్నాడు. "ఒకసారి నువ్వు కూడా చూస్తావా, ఎక్కడ తేడా వస్తోందో" అన్నాడు. "నాకేం తెలుసు సార్, ఆలోచన మీది కదా" అన్నాను. ఆయన అక్కడే నిలబడ్డాడు. ప్రింటరులోంచి ఎవరివో కాయితాలు వస్తుంటే వాటినే చూస్తూ నిలబడ్డాడు. నాకు జాలి వేస్తుందేమోనని భయపడ్డాను. వెయ్యలేదు.

సభకి నేనూ వెళ్తున్నాను. ఆ ఫోటో తెర మీద పెడతాడు. ప్రశ్నలు అడిగే వేళకి నేను లేస్తాను. కానీ లేస్తే, ఫైలు పాడుచేసిన సంగతి కూడా బయటికొస్తుంది. నా పేరు దక్కాలంటే నా తప్పు చెప్పుకోవాలి. నువ్వేమంటావు?

నీ మిరప

•

మే 27

మిరపకాయకి,

నీ నాలుక నీ దగ్గరే ఉంచుకో, సభలో పనికొస్తుంది.

లే. లేచి అంతా చెప్పు. సగం చెబితే ఆయన మిగతా సగం తనకి అనుకూలంగా కలుపుకుంటాడు. నువ్వు చేసింది చెప్పు, నేను చేసింది చెప్పు. ఏదీ దాచకు. ఆ మనిషికి మనం ఎవరమో తెలియాలి.

మంచి చెప్పులు వేసుకుని వెళ్ళు, పాతవి చప్పుడు చేస్తాయి.

అత్తయ్య

•

జూన్ 19

అత్తయ్యా,

అయిపోయింది. ఒళ్ళో కాయితం పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకుని చదువు.

పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు, ముందు వరసలో అధ్యక్షురాలు, తెల్లజుట్టావిడ. సారు గంభీరంగా మాట్లాడాడు. తెర మీద ఫోటో పెట్టాడు, కింద కొలతగీత కూడా ఉంది. ప్రశ్నలు అనగానే లేచాను. "సార్, ఆ చిల్లుల వ్యాసార్థం ఎంత?" అన్నాను. నన్ను చూసి నవ్వాడు. ఫైలులో ఉన్నదే చెప్పాడు, "నూట ఎనిమిది నానోమీటర్లు." "కాదు సార్, నూట పదహారు. అదే తెర మీద కొలవండి" అన్నాను.

హాలంతా గుసగుసలు. అధ్యక్షురాలు ఫోటో పెద్దది చేయించి కొలతగీత పక్కన పెట్టించింది. నూట పదహారు. ఆవిడ సారు వైపు తిరిగి, "మీ డిజైన్‌లో చిల్లు ఎంత ఉందో మీకు తెలియదా?" అని మెల్లగా అడిగింది. ఆయన తన కాయితాలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఆ మొహం, అత్తయ్యా! ఎర్రబడి, పాలిపోయి, మళ్ళీ ఎర్రబడి. నేను రెప్ప వెయ్యకుండా చూశాను. ఏ చిల్లు ఎంత జరిపారో, ఎందుకు జరిపారో అడిగారు, దానికీ జవాబు లేదు. అప్పుడు నన్ను అడిగారు. చూడకుండా అన్నీ చెప్పాను, నా చేత్తో గీసినవే కదా.

ఫైలు వేరుగా ఎందుకుందని ఎవరో అడిగారు. నేనే తగ్గించానని చెప్పాను. అందుకు నన్ను ల్యాబు నుంచి తీసేశారు, బాధ లేదు. ఆయన్ని డైరెక్టర్ పోటీ నుంచి తీసేశారు. పత్రం వెనక్కి తీసుకుని నా పేరుతో మళ్ళీ వేస్తారట.

నిన్ను మాత్రం కాపాడాను. చెక్కినావిడ చిల్లులు చిన్నవిగా ఉన్నాయని అనుభవంతో పసిగట్టి, మంచి మనసుతో సరిదిద్దిందని చెప్పాను. అందరూ ఆహా అన్నారు. నీ ఉద్యోగానికి ఏ ఢోకా లేదు. అంతా చెప్పమని పెద్దమనసుతో అన్నావు కానీ నీకు ముప్పు తెస్తానా?

నీ మిరపకాయ

•

జూన్ 26

మిరపకాయకి,

నీ ఉత్తరం అందిన రోజే మా క్యాంటీన్‌లో నాకు సన్మానం చేశారు. మేనేజరు అందర్నీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చి, అద్దం కట్టిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టాడు. నిశితమైన చూపుకీ నిజాయితీకీ అట. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నువ్వేం చేశావో నీకు తెలుస్తోందా? నేను ఏ తప్పూ పసిగట్టలేదు. ఏదీ సరిదిద్దలేదు. ఆయన ఎదురుగా నిలబడి, తెలిసి తెలిసి పాడుచేశాను. నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక్క చెడ్డపని అది, ఇన్నేళ్ళు కడుపులో పెట్టుకున్నదానికి తీర్చుకున్న పగ. దాన్ని తీసుకెళ్ళి మంచితనం కింద జమ చేయించావు. ఇప్పుడు ఆ మనిషి ఏమనుకుంటూ ఉంటాడు? పాపం ఎవరో పనావిడ తనకి సాయం చేయబోయిందనుకుంటాడు. నేనెవరో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

అంతా చెప్పు అని రాశాను. పెద్దమనసుతో రాయలేదు, కావాలనే రాశాను. ఆయన నీ పేరు తీసేశాడు, నువ్వు నా పేరు తీసేశావు. ఆయన నవ్వుతూ తీశాడు, నువ్వు ప్రేమతో తీశావు, నాకు రెండూ ఒకలాగే తగిలాయి. ఉద్యోగం పోతే పోయేది నాది కదా. నన్ను ఒక్కమాట అడిగావా?

ప్రశంసాపత్రం తిరిగి ఇచ్చేశాను. జరిగింది జరిగినట్టు కాయితం మీద రాసి మేనేజరుకి ఒకటి, సభ అధ్యక్షురాలికి ఒకటి, ఆ మనిషి ఇంటికి ఒకటి పంపాను. మేనేజరు చదివి కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "కొద్దిరోజుల్లో రిటైర్ అయ్యేదానివి కదమ్మా" అన్నాడు. "అవును, అయ్యేదాన్నే" అన్నాను. సాయంత్రం నా చెప్పులూ టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని వచ్చేశాను.

నువ్వూ సంచి సర్దుకుని ఇక్కడికి వచ్చెయ్. నీ మీద కోపం తగ్గలేదు, వచ్చాక తీరిగ్గా తిడతాను. లిఫ్టు ఇంకా బాగుకాలేదు, మెట్లెక్కి రావాలి.

ఆ కాయితం మొదటి వాక్యంలోనే నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా. ఎన్ని సెకన్లు ఎక్కువ ఉంచానో రాశాను, ఎందుకు ఉంచానో రాశాను. యంత్రం పేరు మాత్రం రాయలేదు.

అత్తయ్య